వెన్నదేవికూర, పర్పుల్ హార్ట్: అపోహలు - వాస్తవాలు

తిరుపతి దగ్గర చిన్న నర్సరీ ఉంది నాకు, పక్కనే కాస్త చేను కూడా ఉంది. అందుకని ఒకే కుటుంబం మొక్కల్ని పొద్దున చేలో పీకి పారేసి, సాయంత్రం కుండీల్లో పెట్టి అమ్ముతుంటాను. చేలోది వెన్నదేవికూర, కొందరు అమృతకాడ అంటారు. కుండీల్లోవి ఊదా ఆకుల పర్పుల్ హార్ట్, చారల ఆకుల జీబ్రీనా. అన్నీ కొమెలినేసీ కుటుంబమే.

అపోహ: వెన్నదేవిని రోటవేటర్‌తో తొక్కిస్తే పోతుంది.

పోదు, పెరుగుతుంది. దీని కాడ మీద ప్రతి కణుపూ వేరు పోసుకోగలదు కాబట్టి మీరు ఎన్ని ముక్కలు చేస్తే అన్ని మొక్కలు చేసినట్టే, పీకి గట్టున వేసినా ఆ రాత్రి వాన పడిందంటే గట్టు మీదే బతికేస్తుంది. ఇంకో సంగతి చాలామంది రైతులు గమనించరు. పైన నీలం పూలు పూస్తూనే మట్టి లోపల తెల్లటి కాడల మీద విచ్చుకోని పూలు కూడా పూస్తుంది, అవి తమకు తామే పరాగసంపర్కం చేసుకుని అక్కడే గింజ కడతాయి. పైన ఒక్క పూవు కనబడకపోయినా కింద వచ్చే ఏడాది కలుపు తయారవుతూ ఉండొచ్చన్నమాట. మందుతో పోతుందిలే అనుకుంటారా? ఇది గడ్డి జాతి కాదు, వేరుశనగలో గడ్డికి మాత్రమే కొట్టే మందులు దీన్ని ముట్టవు. గ్లైఫోసేట్‌ను కూడా బాగానే తట్టుకుంటుంది, అమెరికాలో పత్తి రైతులను ఏడిపించింది అలాగే, అక్కడ దీన్ని ప్రమాదకర కలుపుల జాబితాలో పెట్టారు. పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు కింది తెల్ల కాడలతో సహా లాగాలి, బండ మీద కరకరలాడేదాకా ఎండబెట్టాలి. లేదా ఆవులకు వేసేయండి, ఇష్టంగా తింటాయి.

అపోహ: పర్పుల్ హార్ట్ ఇంట్లో పెట్టుకునే మొక్క.

బతుకుతుంది, కానీ రంగు పోతుంది. నీడలో ఊదా ఆకు ఆకుపచ్చగా మారి, కాడ సాగిపోతుంది. "అన్నా, పచ్చ మొక్క ఇచ్చావు" అని తెచ్చి చూపించినవాళ్లున్నారు! ఇది మెక్సికో మొక్క, మన ఎండ దీనికి కొత్త కాదు. జీబ్రీనా సంగతి వేరు, మే నెల మిద్దె మీద పెడితే ఆకులు మాడతాయి, దానికి చెట్టు నీడ చాలు.

అపోహ: పూలు మధ్యాహ్నానికే పోతున్నాయి, తెగులేమో.

తెగులేమీ లేదు. ఒక్కో పూవు ఆయుష్షు ఒక్క పూటే. రెక్కలు ఎండి రాలవు, కరిగి జిగురులా అయిపోతాయి. మర్నాడు ఇంకో మొగ్గ విచ్చుకుంటుంది.

అపోహ: ఈ కుండీ మొక్కలు సెల్‌ఫోన్ రేడియేషన్ పీల్చుకుంటాయి.

ఈ ప్రచారానికి మూలం లేకపోలేదు. పర్పుల్ హార్ట్, జీబ్రీనా రెండూ ట్రాడెస్కాంషియా అనే ప్రజాతివే, ఆ ప్రజాతి పూల కేసరాల మీద సన్నటి వెంట్రుకలుంటాయి, ఒక్కో వెంట్రుకలో కణాలు దండలా వరసగా ఉంటాయి. కొన్ని ప్రత్యేక సంకర రకాల్లో గామా కిరణాలు, ఎక్స్ రే తగిలి జన్యువు మారితే నీలం కణం గులాబీ రంగులో కనిపిస్తుంది, శాస్త్రవేత్తలు వాటిని మైక్రోస్కోపులో లెక్కపెడతారు. అది దెబ్బ తిని చూపించడం, పీల్చుకోవడం కాదు. పైగా ఫోన్ తరంగాలు ఆ జాతివే కావు. ఆ ఆశతో కొనేవాళ్లు డబ్బులు మిగుల్చుకోండి.

అపోహ: వెన్నదేవి తింటారు కదా, ఇవీ తినొచ్చు.

వెన్నదేవి లేత ఆకు పప్పులో వేసుకునేవాళ్లున్నారు, మందు కొట్టని చోటిదైతే ఇబ్బంది లేదు. కుండీలవాటిని మాత్రం తినొద్దు, వాటి రసం తగిలితే కొందరికి చేతులు దురద పెడతాయి, ఆ మొక్కల్లో పొర్లే కుక్కలకూ దద్దుర్లు వస్తాయి. ఇంకో మాట, వెన్నదేవి పూల తొడుగులో ఉండే జిగురు నీళ్లు కంటికి మంచివని పిండి వేసుకోకండి. మట్టి, క్రిములు కంట్లోకి పోతాయి.

అపోహ: కత్తిరించిన కొమ్మలే కదా, కొండ కింద పారేస్తే ఏమవుతుంది.

శేషాచలం రాతి పగుళ్లలో వానాకాలం పూసే సయనోటిస్ అనే చిన్న మొక్కలు ఇదే కుటుంబానివి, అవి ఇక్కడివే. జీబ్రీనా మెక్సికో నుంచి వచ్చింది, తేమ, నీడ దొరికితే నేలంతా దుప్పటిలా పరుచుకుని చిన్న మొలకల్ని లేవనివ్వదు. దాని అన్నదమ్ములాంటి ఇంకో జాతి న్యూజిలాండ్ అడవుల్లో అదే పని చేస్తోంది. కత్తిరించిన కాడల్ని కవరులో బిగించి, రంగు మారి మెత్తబడేదాకా ఎండలో పెట్టి, ఆ తర్వాతే ఎరువు గుంతలో వేయండి. వాగుల పక్కన మాత్రం అసలు పారేయొద్దు, ఒక్క కణుపు నీళ్లలో కొట్టుకుపోయినా చాలు.