చిన్న బడిలో ప్రాజెక్టు పనులు: అపోహలు, వాస్తవాలు

ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ మా ఇద్దరి చేతుల్లోనే. ప్రాజెక్టులు, కృత్యాల (పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకునే పనుల) గురించి తల్లిదండ్రులూ తోటి టీచర్లూ తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి తరగతి గదిలో నాకు దొరికిన జవాబులు రాస్తున్నాను.

అపోహ: ప్రాజెక్టు అంటే చార్టు, థర్మాకోల్, మోడల్.

వాస్తవం: ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులుంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రం ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. నాన్న థర్మాకోల్ కోస్తాడు, అక్క అతికిస్తుంది, పిల్లాడు జాగ్రత్తగా మోసుకొస్తాడు. చూడటానికి బాగుంటుంది. 'ఇది ఇక్కడే ఎందుకు పెట్టావు నాన్నా?' అని అడిగితే మాత్రం పిల్లాడు నేల చూపులు చూస్తాడు. పిల్లలు ఒక ప్రశ్న పట్టుకుని, చూసి, కొలిచి, పెద్దవాళ్ళను అడిగి, రాసుకుని, నలుగురి ముందు చెప్పగలిగితే నేను దాన్ని ప్రాజెక్టు అంటాను. మన వీధిలో బావులెన్ని, బోర్లెన్ని, వాటిలో ఇప్పుడు నీళ్ళున్నవి ఎన్ని? దీనికి నోటుబుక్కు, పెన్సిలు చాలు. పూడ్చేసిన బావుల సంగతి అవ్వాతాతలు చెప్తారు. అందుకే మా బడిలో ప్రాజెక్టు రాయడం, అతికించడం అంతా బడివేళల్లోనే. వంకర అక్షరాలే అయినా అవి పిల్లలవి. వాటినే గోడకు పెడతాం.

అపోహ: ఇవన్నీ చేస్తూ కూర్చుంటే సిలబస్ అవదు.

వాస్తవం: ఎక్కువగా వినిపించే మాట ఇదే. విడిగా 'యాక్టివిటీ పీరియడ్' పెట్టి, పాఠంతో సంబంధం లేని పని చేయిస్తే నిజంగానే సమయం పోతుంది. పాఠమే పనిగా మారితే ఆ ఇబ్బంది రాదు. మా బడిలో బాగా నడిచిన ప్రాజెక్టు మధ్యాహ్న భోజనం లెక్క. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, నూనె 5 గ్రాములు. ఉదయం హాజరు అవగానే ఐదో తరగతి పిల్లలు లెక్కకు కూర్చుంటారు. 34 మంది వస్తే బియ్యం 3 కిలోల 400 గ్రాములు, పప్పు 680 గ్రాములు, నూనె 170 గ్రాములు. ఆ చీటీ వంట చేసే ఆయమ్మకు ఇస్తారు. ఆమె కొలిచే గ్లాసుతో కిలోకి ఎన్ని గ్లాసులు పడతాయో కూడా కాటా పెట్టి తేల్చుకున్నారు. ఒకరోజు ఒక పాప సున్నా వదిలేసి 340 గ్రాములని రాసుకొచ్చింది. ఆయమ్మ ఆ బియ్యం గిన్నెలో పోసి చూపించి, 'ముగ్గురు తింటారమ్మా, మిగతావాళ్ళ సంగతేంటి?' అంది. పాప గిన్నె వంక చూసింది, చీటీ వంక చూసింది, అక్కడే మెట్టు మీద కూర్చుని మళ్ళీ లెక్క కట్టింది. గుణకారం, కిలోలను గ్రాములుగా మార్చడం, అంచనా వేయడం, అన్నీ సిలబస్‌లోని అధ్యాయాలే. ఆ అధ్యాయాలకు వచ్చేసరికి మాకు పని సగం తగ్గింది.

అపోహ: ఒకే గదిలో మూడు తరగతులుంటే ప్రాజెక్టులు కుదరవు.

వాస్తవం: 60 మంది దాకా పిల్లలుంటే విద్యాహక్కు చట్టం ప్రకారం ఇద్దరే టీచర్లు. కాబట్టి చాలా ఊళ్ళలో ఇదే పరిస్థితి. అయినా పై లెక్కనే చూడండి. ఒకటో తరగతి పిల్లలు వచ్చినవాళ్ళకు ఒక్కో చింతపిక్క పెట్టి పదేసి కుప్పలు చేస్తారు. మూడో తరగతివాళ్ళు ఆడపిల్లల్ని, మగపిల్లల్ని కూడతారు. నాలుగో తరగతివాళ్ళు రిజిస్టరులో ఉన్న సంఖ్య నుంచి రానివాళ్ళను తీసేస్తారు. పని ఒకటే, ఎవరి మెట్టు వాళ్ళది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఈ పద్ధతినే కార్డులు, అభ్యసన నిచ్చెనలతో (ఏది అయ్యాక ఏది నేర్చుకోవాలో మెట్టు మెట్టుగా చూపే పట్టికలతో) ఎంతో పకడ్బందీగా తయారుచేసింది. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు ప్రేరణ అక్కడిదే. కలిసి ఉన్న తరగతుల్లో పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం మనకు అదనంగా దొరికే బలం.

అపోహ: ఇదంతా ఈమధ్య వచ్చిన ఫ్యాషన్.

వాస్తవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలోనే బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పిల్లలు చేసి నేర్చుకోవాలని, పరిసరాలను వాడుకోవాలని, పిల్లల పనిని గదిలో ప్రదర్శించాలని అది అప్పుడే చెప్పింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడి బయటి జీవితంతో చదువును కలపమంది.

అపోహ: గోల ఉంటే చదువు లేనట్టే.

వాస్తవం: గోలలో ఏం మాట్లాడుకుంటున్నారో దగ్గరికెళ్ళి వినాలి. 'నీ మూర చిన్నది, నా మూర పెద్దది, అందుకే లెక్క తేడా వచ్చింది' అని ఇద్దరు పిల్లలు కొట్లాడుకుంటుంటే, స్కేలు ఎందుకు కావాలో చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు దొరకదు.

అపోహ: కృత్యం చేయిస్తే చాలు, పిల్లలు వాళ్ళే నేర్చుకుంటారు.

వాస్తవం: కృత్యాలంటే ఇష్టపడే మాలాంటివాళ్ళలో ఉండే అపోహ ఇది. విత్తనాల మొలకకు ఎక్కువమంది తడి దూదిలో పెసలు పెట్టిస్తారు. రెండో రోజుకే తెల్లని మొలక వస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. అక్కడితో ఆపేసి 'మొలవాలంటే ఏం కావాలి?' అని అడగండి, 'దూది' అంటారు. వాళ్ళు చూసింది అదే మరి! అందుకే పెసలను తడి దూదిలో, తడి గుడ్డలో, తడి మట్టిలో, పొడి దూదిలో విడివిడిగా పెట్టించాలి. ఏది మొలుస్తుందో ముందే ఊహించి బోర్డు మీద రాయించాలి. రోజూ చూసిందే బొమ్మ గీయించాలి. మొలకలు వచ్చాక పావుగంట కూర్చోబెట్టి 'పొడి దూదిలో ఎందుకు రాలేదు?' అని అడిగి, వాళ్ళ మాటలు పూర్తయ్యేదాకా ఆగాలి. ఒకరు 'నీళ్ళు' అనగానే మనం 'శభాష్' అని ముగించేస్తే మిగతావాళ్ళ ఆలోచన అక్కడే ఆగిపోతుంది. 'మరి గ్లాసు నిండా నీళ్ళలో ముంచేస్తే ఇంకా బాగా మొలుస్తుందా?' అని ఇంకో ప్రశ్న వేయండి. అందరూ అవునంటారు. మర్నాడు ఆ గ్లాసు కూడా పెట్టించండి.