పచ్చిక భూమికి సర్కారు డబ్బు: టెక్సాస్‌లో మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

డాలస్ చుట్టుపక్కల ఇరవై ముప్పై ఎకరాలు కొని, నాలుగు ఆవుల్ని కట్టుకుని, శని ఆదివారాలు అక్కడే గడుపుతున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పచ్చికను ఎలా మేపాలో ప్లాన్లు రాసిపెట్టడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, కంచెకు గవర్నమెంట్ డబ్బులిస్తుందట కదా?"

ఇస్తుంది. 1996 ఫార్మ్ బిల్లు అనే వ్యవసాయ చట్టంతో వచ్చిన ఈక్విప్ అనే పథకం ఉంది. అమెరికా వ్యవసాయ శాఖలో నేల, నీటి సంరక్షణ చూసే ఎన్‌ఆర్‌సీఎస్ దాన్ని నడుపుతుంది. ఖర్చులో కొంత వాళ్లు పెడతారు, మిగతాది మనం పెట్టుకోవాలి. తిరకాసులన్నీ ఆ తర్వాతే.

అపోహ: పని చేయించేసి బిల్లులు పట్టుకెళ్తే చాలు.

వాస్తవం: మునిగేది ఇక్కడే. కాంట్రాక్టు మంజూరై సంతకాలు కాకముందు మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. అత్యవసరమైతే ముందుగానే రాతపూర్వకంగా మినహాయింపు తెచ్చుకోవాలి. ఒకాయన రెండు వారాల్లో కంచె మొత్తం వేయించి, ఆ ఫొటోలు నాకు వాట్సాప్‌లో పంపాడు. పని చక్కగా ఉంది, వంక పెట్టడానికి లేదు. కానీ అప్పటికింకా అప్లికేషనే పెట్టలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వచ్చే సబ్సిడీతో ట్రాక్టర్ కూడా బేరమాడేశాడు. ఆ రోజు ఆయనకు ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు.

వరస ఇదీ: ముందు అదే శాఖలో పొలాల రికార్డులు చూసే ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో ఫార్మ్ నంబర్ తీసుకోవాలి. తర్వాత ఎన్‌ఆర్‌సీఎస్‌లో అప్లికేషన్ పెడితే వాళ్లు వచ్చి భూమి చూస్తారు, మార్కులు వేసి వరసలో పెడతారు. ఏడాది పొడవునా అప్లికేషన్లు తీసుకుంటారు గానీ, ఆ విడత గడువు దాటితే తర్వాతి విడత దాకా ఆగాల్సిందే. అన్నీ కుదిరి కాంట్రాక్టు వచ్చాకే గుంత తవ్వాలి.

అపోహ: బిల్లులో 75 శాతం వెనక్కి వస్తుంది.

వాస్తవం: 75 శాతం అనేది పై హద్దు. లెక్క మీ బిల్లు మీద కట్టరు. అడుగు కంచెకు ఇంత, ఒక తొట్టికి ఇంత అని రాష్ట్రానికో రేట్ల పట్టిక ఉంటుంది. మీరు ఖరీదైన స్తంభాలు పాతితే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. వ్యవసాయంలోకి వచ్చి పదేళ్లు దాటనివాళ్లకు హద్దు 90 శాతం దాకా ఉంటుంది, కనీసం సగం అడ్వాన్సుగా కూడా అడగొచ్చు. కాకపోతే ఆ అడ్వాన్సును 90 రోజుల్లో ఆ పనికే ఖర్చుపెట్టాలి. ఇంకో మెలిక: పొలం పనిలో, నిర్వహణలో మీరు స్వయంగా ఉండాలి. భూమి పక్క రాంచర్‌కు లీజుకిచ్చేసి నేను కొత్త రైతునంటే ఒప్పుకోరు. లీజుకు తీసుకున్నాయన మాత్రం, కాంట్రాక్టు కాలమంతా భూమి తన చేతిలో ఉంటుందని చూపిస్తే, తానే అప్లై చేసుకోవచ్చు.

అపోహ: సాఫ్ట్‌వేర్ జీతం ఉంటే అర్హత లేదు.

వాస్తవం: ఉద్యోగం అడ్డు కాదు. మూడేళ్ల సగటు ఏజీఐ, అంటే పన్ను రిటర్నులో చూపే సర్దుబాటు ఆదాయం, 9 లక్షల డాలర్లు దాటితేనే సమస్య.

గ్రీన్ కార్డు లేనివాళ్లకు మాత్రం ఓ మాట. 1978 నాటి చట్టం ప్రకారం సాగు భూమి కొన్న 90 రోజుల్లో వ్యవసాయ శాఖకు తెలపాలి. జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. ఈ సంగతి తెలియకుండా కొన్నవాళ్లు మనలో చాలామంది.

అపోహ: కౌంటీ ఇచ్చే ఆగ్ ఎగ్జెంప్షన్, ఇదీ ఒకటే.

వాస్తవం: సంబంధం లేదు. అది ఆస్తి పన్ను వ్యవహారం, ఇది ఎన్‌ఆర్‌సీఎస్‌తో ఒప్పందం. ఒకటి ఉంటే రెండోది రావాలనేం లేదు.

అపోహ: డబ్బు కంచెకు.

వాస్తవం: డబ్బు గడ్డికి. అందుకే చుట్టూ ప్రహరీలా వేసే హద్దు కంచెకు మామూలుగా దొరకదు, లోపల మళ్లుగా విడదీసే కంచెకు దొరుకుతుంది. ఒకే పెద్ద మడిలో వదిలితే ఆవు నీళ్ల తొట్టి చుట్టూనే తిరుగుతుంది. అక్కడ నేల బోడి అవుతుంది, దూరాన గడ్డి ముదిరిపోతుంది. నాలుగు మళ్లు చేసి ఒక్కోదాంట్లో తొట్టి పెడితే ఒకటి మేస్తుండగా మూడు కోలుకుంటాయి. పాత సూత్రమొకటుంది: సగం మేపు, సగం వదులు. 1955లో అచ్చయిన క్రైడర్ అనే శాస్త్రవేత్త పరీక్షల్లో ఆకు సగం తీసేస్తే వేరు పెరుగుదల పెద్దగా ఆగలేదు, 80 శాతం తీసేస్తే పూర్తిగా ఆగిపోయింది. బెర్ముడా గడ్డి మూడు అంగుళాలకు దిగిందంటే ఆవుల్ని పక్క మడికి తోలాల్సిందే. కంచె వేసి గేట్లన్నీ తెరిచి వదిలేసిన పొలాలు నేను చూశాను. గడ్డి ఎత్తు కొలవడానికి స్కేలు కూడా అక్కర్లేదు, బూటు మీద గీత గీసుకుంటే చాలు.

తుమ్మ కొట్టడమూ అంతే, అదీ గడ్డి కోసమే. ఇక్కడి మెస్క్వీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. నేల మట్టానికి నరికితే పీడ పోయిందనుకుంటారు. దాని మొగ్గలు భూమి లోపల ఉంటాయి, ఒక్క కాండం పోయి పది లేస్తాయి. నరికిన మోడుకు వెంటనే మందు రాయాలి, ఆ తర్వాత గడ్డి పట్టుకునేదాకా ఆవుల్ని ఆ మడిలోకి వదలకూడదు. ఇదంతా ఒప్పందంలో రాసే ఉంటుంది. సంతకం పెట్టేముందు చదివేవాళ్లే తక్కువ.

అపోహ: డబ్బు తీసుకుంటే భూమి మీద సర్కారుకు హక్కు వస్తుంది.

వాస్తవం: రాదు. వేసిన పని సవ్యంగా ఉందా అని చూడటానికి వస్తారు, అంతే. మధ్యలో వదిలేస్తే మాత్రం తీసుకున్నది తిరిగి కట్టాల్సి రావచ్చు. భూమి అమ్మేస్తే కొన్నాయన ఆ ఒప్పందం నెత్తిన వేసుకోవాలి, లేదంటే లెక్క మీ మీదికి వస్తుంది. అమ్మకం మాటలు నడుస్తుంటే క్లోజింగ్‌కు ముందే ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి.

ఏడాది చివర, సర్కారు నుంచి అందిన డబ్బు చూపే 1099-జి అనే పన్ను ఫారం వస్తుంది. దాన్ని పక్కన పడేయకుండా మీ పన్నులు చూసే సీపీఏకు ఇవ్వండి.