పండ్ల బూజును వాసనతో పట్టడం: అపోహలు - వాస్తవాలు

కోల్డ్ స్టోరేజీల్లో పండ్ల చుట్టూ ఉన్న గాలిని పరీక్షించడం నా పని. పండ్లు నిల్వచేసేవాళ్ల నోట తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: వాసన వచ్చిందంటే పండు కుళ్లిపోయినట్టే, ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: మన ముక్కుకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది, నిజమే. కానీ పరికరం అంతకన్నా ముందే పసిగట్టగలదు. ఆపిల్ కోసేటప్పుడు తొడిమ పక్కన గీరుకుపోయిన చోటే పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ అనే నీలి బూజుకు దారి. ముందు లేత గోధుమరంగు మచ్చ వస్తుంది, వేలు పెడితే మెత్తగా దిగిపోతుంది. నీలిరంగు పొడి ఆ తర్వాతే. ఈలోపు చెడిన కండలోంచి ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్), ఇథైల్ అసిటేట్ వంటి వాసన పదార్థాలు గాలిలో కలుస్తూనే ఉంటాయి. తడిమట్టి వాసననిచ్చే జియోస్మిన్‌ను కూడా ఈ బూజు తయారుచేయగలదు.

అపోహ: గదిలో ఇథనాల్ పెరిగిందంటే బూజు పట్టినట్టే.

వాస్తవం: నేనూ ఒకసారి ఇలాగే పొరబడ్డాను. రీడింగ్ చూసి గది మొత్తం చెడిందన్నాను. పెట్టెలు విప్పి కోసి చూస్తే ఒక్క పండులోనూ మచ్చ లేదు. ఆ గదిలో ఆక్సిజన్ మరీ తగ్గిపోయింది, ఊపిరాడక మంచి పండ్లే ఇథనాల్ విడిచాయి. పండ్లను మగ్గించే ఇథిలీన్ వాయువుదీ ఇదే కథ: మగ్గినా వస్తుంది, దెబ్బ తగిలినా వస్తుంది, నిమ్మజాతి పండ్లకు పట్టే ఆకుపచ్చ బూజు కూడా దాన్ని తయారుచేస్తుంది. అందుకే ఇప్పుడు ఒక్క అంకెను నమ్మను. అదే రకం, అదే రోజు కోసిన మంచి పండ్ల గాలిని పక్కన పెట్టుకుని పోల్చాకే మాట్లాడతాను.

అపోహ: ఎలక్ట్రానిక్ ముక్కు పెడితే రోగం పేరు అదే చెబుతుంది.

వాస్తవం: చెప్పదు. అందులోని సెన్సర్లు వాసనల మొత్తం తీరును నమోదు చేస్తాయి, అంతకుముందు నేర్పిన తీరుతో సరిచూస్తాయి. గాలిలో తేమ మారినా రీడింగ్ మారిపోతుంది. ఏ పదార్థం ఎంత ఉందో విడదీయాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కావాల్సిందే.

అపోహ: తేడా వాసన లేదంటే పండు క్షేమం.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం వేసే మాట ఇదే. మామిడికి మచ్చతెగులు తోటలోనే సోకుతుంది. ఆ శిలీంధ్రం పచ్చికాయ తొక్కలో కదలకుండా ఉండి, కాయ మగ్గాక లేస్తుంది. అప్పటిదాకా గాలిలో దొరికే ఆనవాలు దాదాపు ఉండదు. ఇక ఆపిల్ బూజు చేసే పాట్యులిన్ అనే విషం ఆవిరై గాలిలోకి రాదు. ఆపిల్ రసంలో దానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 50 మైక్రోగ్రాములు. అది దాటిందో లేదో తేల్చాలంటే రసాన్నే ల్యాబ్‌కు పంపాలి.