కాక్లియర్ ఇంప్లాంట్ మ్యాపింగ్ కంపెనీల చేతుల్లోకి ఎలా వెళ్లింది?

సొంతంగా క్లినిక్ నడుపుకునే ఆడియాలజిస్టు (వినికిడి సమస్యలు చూసే నిపుణుడు) దగ్గరికి వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్లు వస్తే పెద్దగా చిక్కేమీ ఉండదు. నోవా అనే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ వల్ల చాలా కంపెనీల మిషన్లను ఒకే కంప్యూటర్ మీద సరిచేయొచ్చు. అదే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే, శ్రవణ నాడికి నేరుగా కరెంటు పంపే పరికరం) ఉన్న పిల్లల్ని తీసుకొస్తే మాత్రం చాలాసార్లు "మీరు ఆపరేషన్ చేయించుకున్న ఆసుపత్రికే వెళ్లండమ్మా" అనాల్సి వస్తుంది. ఇందుకు కారణం చదువు చాలకపోవడం కాదు.

1957లో పారిస్‌లో జుర్నో, ఎయిరియెస్ అనే ఇద్దరు శ్రవణ నాడికి విద్యుత్తు ఇచ్చి, వినపడని మనిషికి శబ్దం తెలిసేలా చేశారు. లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ 1961లో మొదలుపెట్టిన పని 1984లో అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దాకా వచ్చింది. ఆయన పరికరంలో నాడికి కరెంటు పంపే చానెల్ ఒక్కటే. శబ్దం ఉందని, దాని లయ ఏమిటని తెలిసేది గానీ, పెదవులు చూడకుండా మాట పట్టుకోవడం చాలామందికి కష్టమయ్యేది. మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ 1978లో బహుళ చానెళ్ల ఇంప్లాంట్ అమర్చాడు. ఆ దారిలో వచ్చిన 22 ఎలక్ట్రోడ్ల పరికరానికి 1985లో పెద్దలకు, 1990లో రెండేళ్లు నిండిన పిల్లలకు అనుమతి దొరికింది.

ఆడియాలజిస్టు పని అసలు పెరిగింది అక్కడే. ఎలక్ట్రోడ్లకు ఎంత కరెంటు ఇస్తే వినపడటం మొదలవుతుందో, ఎంత దాటితే భరించలేరో కొలవాలి. మ్యాప్ అంటే ఆ కొలతలే. పెద్దవాళ్లు నోటితో చెబుతారు. ఏడాదిన్నర పాప చెప్పదు. ఆడుకుంటున్న చెయ్యి ఆగిందా, ఉలిక్కిపడి అమ్మ వైపు చూసిందా అని కనిపెట్టుకుని ఉండాలి. నరం స్పందనను యంత్రమే కొలిచి చూపే పద్ధతి వచ్చాక కాస్త సులువైంది. అయినా ఆ అంకెల్నే నమ్ముకుంటే కుదరదు. ఆపరేషన్ తర్వాత పరికరాన్ని తొలిసారి ఆన్ చేసిన (స్విచాన్) మొదటి ఏడాదిలో మ్యాప్ ఎన్నోసార్లు మారుతుంది.

ఈ కొలతల సాఫ్ట్‌వేరూ, దాన్ని ప్రాసెసర్‌కు (చెవి బయట పెట్టుకునే భాగానికి) కలిపే పరికరమూ ఎవరివి వాళ్లవే. కాక్లియర్ కంపెనీది కస్టమ్ సౌండ్, మెడెల్‌ది మేస్ట్రో. ఒకరి ప్రాసెసర్ ఇంకొకరి ఇంప్లాంట్‌కు పనికిరాదు. నరానికి కరెంటు పంపే వస్తువును ఎవరికి పడితే వారికి ఎలా ఇస్తామని కంపెనీలు అడిగితే, ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆడియాలజిస్టులను తయారుచేసే మైసూరు ఐష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) 1965 నుంచి ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే ఈ వృత్తి చేయాలి. చట్టం అర్హులన్నవాళ్లకు కూడా సాఫ్ట్‌వేర్ కావాలంటే కంపెనీ ఒప్పుకోవాల్సిందే.

మన దగ్గర డబ్బు నడిచిన దారి ఈ ముడిని ఇంకా బిగించింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2014లో ఇంప్లాంటుకు 6 లక్షల దాకా ఇచ్చేలా మారిన కేంద్ర అడిప్ పథకం (వికలాంగులకు సహాయక పరికరాలు ఇచ్చే పథకం) లేకపోతే కూలి పనులు చేసుకునే ఇళ్లకు ఇంప్లాంట్ అందేదే కాదు. అయితే ఆ డబ్బంతా ఆసుపత్రి చుట్టూ, ఆపరేషన్ చుట్టూ తిరిగింది. తర్వాత ఇచ్చే స్పీచ్ థెరపీకి గడువుంది, మ్యాపింగ్ అవసరానికి గడువు లేదు. చాలాచోట్ల మ్యాపింగుకు కంపెనీ మనిషే వస్తాడు. ప్యాకేజీ అయిపోయి, వారంటీ తీరి, ప్రాసెసర్‌ను తలమీది కాయిల్‌కు కలిపే వైరు తెగాక కుటుంబం ఊళ్లో ఉన్న ఆడియాలజిస్టును వెతుక్కుంటుంది.

అప్పుడు ఆ ఆడియాలజిస్టు థెరపీ ఇవ్వగలడు. ప్రాసెసర్ పెట్టి వినికిడి పరీక్ష చేసి, 'స', 'ష' శబ్దాలు అందడం లేదని మ్యాపింగ్ చేసేవాళ్లకు రాసి పంపగలడు. కొందరు ఒక్కో కంపెనీతో విడిగా మాట్లాడుకుని, శిక్షణ తీసుకుని సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటున్నారు. మిగతావాళ్లకు తల్లిదండ్రులు తెచ్చే పాత మ్యాప్ ప్రింటే ఆధారం. అడిగి తీసుకోవాలని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కూడా.