తంగేడు అనుకున్నవన్నీ తంగేడు కాదు: అపోహలు - వాస్తవాలు

షుగర్‌కి తంగేడు పువ్వు టీ మంచిదన్న ప్రచారం మొదలైనప్పటి నుంచి, మా నర్సరీకి వచ్చే చాలామంది ఫోన్‌లో ఒక పచ్చపువ్వు చూపించి "ఇది తంగేడే కదండీ?" అని అడుగుతున్నారు. ఒక్క పువ్వును చూసి తేల్చడం మా వల్ల కూడా కాదు.

అపోహ: పచ్చపువ్వు, చింతాకులా జతలుగా చిన్నాకులు ఉంటే తంగేడే.

వాస్తవం: పార్కుల్లో, రోడ్ల పక్కన అందం కోసం పెంచే, తంగేడుకి దగ్గరి చుట్టాలైన క్యాసియా మొక్కలు కూడా అలాగే ఉంటాయి. తంగేడుకి ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట చెవి ఆకారంలో రెండు చిన్న ఆకులు ఉంటాయి. ఈనె పొడవునా ప్రతి జత చిన్నాకుల మధ్య సన్నటి గ్రంథి (చిన్న బుడిపెలాంటిది) ఒకటి నిలబడి కనిపిస్తుంది. సురత్తెన్సిస్ అనే తోట రకానికి ఈ గ్రంథులు కింది రెండు మూడు జతల దగ్గరే ఉంటాయి, చెవులు ఉండవు. తంగేడు కాయ కాగితంలా పల్చగా, చదునుగా ఉంటుంది. తేడా తెలియక బతుకమ్మలో పేరిస్తే నష్టమేమీ లేదు, కషాయం కాస్తేనే గొడవ. అసలు తంగేడే అయినా, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా తాగకూడదు.

అపోహ: నేల తంగేడు అంటే పొట్టిగా పెరిగే తంగేడు.

వాస్తవం: కాదు. అది సునాముఖి. విరేచనాలకి వాడే మందు. తంగేడు టీ అనుకుని రోజూ తాగితే కడుపు కదిలిపోతుంది.

అపోహ: కసింద, తగిరిస రెండూ ఒకటే, తగిరిసాకు కూర తింటాం కాబట్టి కసింద గింజలూ తినొచ్చు.

వాస్తవం: పచ్చపువ్వులే పూసినా ఈ రెండూ వేరు మొక్కలు. తగిరిసకి మూడు జతల చిన్నాకులు, కొసలు గుండ్రంగా ఉంటాయి. కసిందకి నాలుగైదు జతలు, కొసలు కోసుగా ఉంటాయి. నలిపితే దుర్వాసన. కసింద గింజలు తిన్న పిల్లల్లో కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిన్న కేసులు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో నమోదయ్యాయి. 2016లో మన సరిహద్దులోనే ఉన్న ఒడిశా మల్కనగిరిలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా నిపుణులు ఈ గింజలనే వేలెత్తి చూపారు. పెరట్లో మొలిస్తే, పిల్లలున్న ఇంట్లో పీకేయమనే చెబుతాను.

అపోహ: పచ్చగన్నేరు, టెకోమా ఒకే మొక్కలో రెండు రకాలు.

వాస్తవం: రెండింటి పువ్వులూ గొట్టంలా పచ్చగా ఉంటాయి, అంతవరకే పోలిక. టెకోమా ఆకు అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, తుంచితే పాలు రావు. పచ్చగన్నేరు ఆకు సన్నగా, పొడవుగా ఉంటుంది, తుంచగానే తెల్లటి పాలు కారతాయి. చేతికి అంటితే కడుక్కోండి. మొక్కంతా విషమే, కాయలోని గింజ మరీ ప్రమాదం. గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. అయినా చాలా ఇళ్లల్లో పూజకని పెంచుతూనే ఉంటారు. ఇలాగే పచ్చపువ్వులు పూసి పాలు కారే ఇంకో తోట మొక్క అల్లమాండా. దానికి ఒకే కణుపు దగ్గర మూడు నాలుగు ఆకులు చుట్టూ ఉంటాయి, అదే గుర్తు. అదీ తినేది కాదు.

అపోహ: ఫోన్ యాప్ చెప్పింది కాబట్టి అది ఆ మొక్కే.

వాస్తవం: ఫొటోలో కనిపించేదాన్ని బట్టే యాప్ చెబుతుంది, గ్రంథులు అందులో పడకపోతే దానికెలా తెలుస్తుంది? ఈసారి నర్సరీకి వచ్చేటప్పుడు ఆకు కాడ కొమ్మకి అతికిన చోటు, కాయ కూడా దగ్గరగా ఫొటో తీసుకురండి. కాయలున్న చిన్న కొమ్మే తెస్తే ఇంకా మంచిది, పాలు కారనిదైతే.