ముందు కళ్లాపి, తర్వాత చీపురు

ఏళ్ల తరబడి తాళం వేసిన ఇంటిని తెరిచి శుభ్రం చేసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. పగలంతా బాగానే ఉన్నాం, రాత్రికి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు పట్టుకున్నాయి, ఎందుకని? ఇంట్లో పెద్దవాళ్లయితే గాలి సోకిందంటారు.

ఆ మాటలో సగం నిజం. సోకింది గాలే. బూజు బీజాలు, ఎండిన పావురాల రెట్ట, ఎలుకల పెంటికలు, చచ్చిన బాక్టీరియా తునకలు ఆ గాలిలో నిండి ఉంటాయి. ఇవి ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లోకి చేరితే 4 నుంచి 12 గంటల్లో జ్వరం వస్తుంది. దీన్ని వైద్యులు ఆర్గానిక్ డస్ట్ టాక్సిక్ సిండ్రోమ్ అంటారు. బూజుపట్టిన గడ్డినీ ధాన్యాన్నీ తిరగేసే రైతులకూ వస్తుంది. మామూలుగా రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఈలోపు కట్టిన తాయెత్తుకు పేరు వస్తుంది. ఆయాసం తగ్గకపోయినా, ఆ దుమ్ములోకి వెళ్లిన ప్రతిసారీ ఇదే తిరగబెట్టినా అది వేరే జబ్బు కావచ్చు, ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకోవాలి. హైదరాబాద్ అపార్టుమెంట్లలో పావురాలు కాపురం పెట్టిన బాల్కనీలనూ డక్టులనూ శుభ్రం చేసేవాళ్లు దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకూడదు.

తేళ్లు, పాములు, తుప్పు మేకుల సంగతి అందరికీ తెలుసు. మందపాటి చేతితొడుగులు, గట్టి బూట్లు, టెటనస్ టీకా ఉండాల్సిందే. నేను చెప్పదలచుకున్నది దుమ్ము గురించి. కంటికి కనబడే దుమ్మును చూసి మనం జాగ్రత్తపడతాం. హాని చేసేది మాత్రం కంటికి కనబడదు.

రేణువు బరువు దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గాలి దాన్ని అడ్డుకునే బలం వ్యాసాన్నీ, పడే వేగాన్నీ బట్టి పెరుగుతుంది. ఈ రెండూ సమమయ్యే చోట రేణువు స్థిరవేగంతో దిగుతుంది కాబట్టి ఆ వేగం వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది. అంటే రేణువు 10 రెట్లు చిన్నదైతే 100 రెట్లు నిదానంగా దిగుతుంది. నీటంత సాంద్రత ఉన్న గుండ్రటి రేణువు, కదలని గాలిలో, మనిషి ముక్కు ఎత్తు నుంచి, అంటే సుమారు 1.5 మీటర్ల నుంచి పడుతోందనుకుందాం. 100 మైక్రాన్లదైతే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) 6 సెకన్లలో నేలను తాకుతుంది. 10 మైక్రాన్లదానికి 8 నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్‌దానికి 12 గంటలు! మట్టి రేణువు రెట్టింపుకు పైగా బరువు కాబట్టి ఇందులో సగం కంటే తక్కువ సమయం వేసుకోండి. కానీ గదిలో మనిషి నడిస్తే లేచే గాలి ఈ 1 మైక్రాన్ రేణువు దిగే వేగానికి వేల రెట్లు ఉంటుంది. అందుకే అది దిగినట్టే దిగి మళ్లీ లేస్తుంది.

10 మైక్రాన్లు దాటినవాటిలో ఎక్కువభాగాన్ని ముక్కు, గొంతు పట్టేస్తాయి. సుమారు 4 మైక్రాన్ల కంటే చిన్నవి ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళ్తాయి. పొడి చీపురు పెద్దవాటిని తలుపు దాకా తోసి, ఈ చిన్నవాటిని మనిషి ముఖం ఎత్తుకు లేపుతుంది. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనరుకు సన్నటి దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టరు లేకపోతే అదీ అంతే. పెద్దవి సంచిలో ఉండిపోతాయి, చిన్నవి వెనక నుంచి బయటికొస్తాయి.

మన ఇళ్లలో వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతారు. మూసిన ఇంట్లో ఈ వరస తిరగేయాలి. రెండు రేణువుల మధ్య నీటి పొర చేరితే తలతన్యత, అంటే నీటి ఉపరితలం బిగుతుగా దగ్గరికి లాక్కునే గుణం, వాటిని పట్టి ఉంచుతుంది. 10 మైక్రాన్ల మట్టి రేణువు విషయంలో ఈ పట్టు, లెక్క ప్రకారం, దాని బరువుకు లక్ష రెట్లకు పైనే. రేణువు చిన్నదయ్యే కొద్దీ ఈ నిష్పత్తి ఇంకా పెరుగుతుంది. అంటే ఏ దుమ్ము ఎక్కువ ప్రమాదమో దాన్నే నీళ్లు ఎక్కువ గట్టిగా పట్టుకుంటాయి. ఇంత చక్కటి సంగతి బడిలో తలతన్యత పాఠం చెప్పేటప్పుడు ఎందుకు చెప్పరో అర్థం కాదు. నీటి మీద సూది తేల్చి అక్కడితో ఆపేస్తారు.

జిడ్డు పట్టిన వంటింటి మసి మీద వట్టి నీళ్లు ముత్యాల్లా దొర్లిపోతాయి. 10 లీటర్ల బకెట్టుకు ఒక చెంచా గిన్నెల సబ్బు ద్రవం కలపండి. సబ్బు తలతన్యతను మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి సుమారు 30కి దించుతుంది. పట్టు సగానికి పైగా తగ్గినా నీళ్లు దుమ్ములోకి ఇంకుతాయి, మిగిలిన పట్టు కావలసినదానికంటే ఎంతో ఎక్కువ.

ముందు కరెంటు మెయిన్ ఆపండి. ఎదురెదురు తలుపులూ కిటికీలూ తెరిచి అరగంట బయటే ఉండండి. తర్వాత మొక్కలకు కొట్టే చేతి స్ప్రేయరుతో సన్నటి తుంపర కొట్టండి. పురుగుమందు కొట్టిన స్ప్రేయరు మాత్రం వద్దు. పైపుతో ధారగా కొడితే ఆ తాకిడికే దుమ్ము లేస్తుంది. పావుగంట నాననిచ్చి, తడి గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. నేల మీద తడిపిన రంపపు పొట్టు చల్లి దాంతో కలిపి ఊడవండి. ఎలుకల పెంటికల మీద ఒక వంతు బ్లీచ్ ద్రవానికి 9 వంతుల నీళ్లు కలిపి పోసి, 5 నిమిషాలయ్యాక కాగితంతో ఎత్తెయ్యండి. అదే చోట బాత్రూం యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన గదిలో అది ప్రాణాంతకం.

సిమెంటు రేకులుంటే ఇంకా జాగ్రత్త. చాలావాటిలో ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార ఉంటుంది. నార పోగు ఎంత పొడవున్నా, అది దిగే వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది దాని మందం. అందుకే పొడవాటి పోగు కూడా సన్నటి రేణువులా గంటల కొద్దీ తేలుతూ లోపలిదాకా వెళ్తుంది. రేకును తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. సుత్తి, కటింగ్ మిషన్ వద్దే వద్దు.

ముఖానికి చుట్టిన తుండుగుడ్డ నేత కన్నాల్లోంచి చిన్న రేణువులు దూరిపోతాయి. ఎన్95 మాస్కు గానీ, భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు గానీ కొనండి. చెవులకు తగిలించేవాటికంటే తల వెనక్కి రెండు పట్టీలు ఉన్నవి బిగువుగా కూర్చుంటాయి. పెట్టుకున్నాక రెండు అరచేతులతో మూసి గట్టిగా ఊదండి. ముక్కు పక్కనుంచి గాలి తగిలితే లోహపు పట్టీని మళ్లీ నొక్కాలి. గడ్డం ఉంటే అంచు అతకదు. అడ్డా మీద నుంచి పిలుచుకొచ్చిన కూలీలకు ఇవి ఇంటివాళ్లే కొనివ్వాలి. వాళ్లు రేపు ఇంకో ఇంట్లో ఇదే దుమ్ములో దిగుతారు.

పని అయ్యాక గాలి తేటపడిందో లేదో చూడటానికి గది చీకటి చేసి టార్చి వెయ్యండి. టార్చి పట్టుకున్న వైపు నుంచి చూస్తే పెద్దగా ఏమీ కనిపించదు, ఎందుకంటే ఈ సైజు రేణువులు వెలుగును ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. ఎదురుగా నిలబడి, బల్బు నేరుగా కళ్లల్లో పడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టి, దాని అంచు పక్కన వెలుగు చారను చూడండి. అందులో చుక్కలు ఈదుతున్నంతసేపూ మాస్కు తీయవద్దు.