చెయ్యి లేవడానికి మాత్ర ఉందా?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున ఇంటివాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "చెయ్యి మళ్లీ లేవడానికి ఏమైనా మందు రాస్తారా డాక్టరుగారూ?" చీటీలో మందులకు కొదవ ఉండదు. గడ్డ కట్టకుండా ఒకటి, కొవ్వుకు ఒకటి, బీపీకి ఒకటో రెండో. ఇవన్నీ రెండోసారి రాకుండా కాపాడేవి, మానకూడనివి. వాటి కింద చాలాసార్లు ఇంకో పేరు ఉంటుంది. "నరాలకు బలం" అని చెప్పి ఇచ్చేది. ఇంటివాళ్ల ఆశంతా దాని మీదే. తీరా చూస్తే, చీటీ మొత్తంలో సాక్ష్యం అన్నిటికన్నా పలచగా ఉన్నది కూడా దానికే. అక్కడిదాకా ఎలా వచ్చామన్నది పెద్ద కథ. అందులో గెలుపులు తక్కువ, ఓటములు వందల్లో.

పక్షవాతం అనే పేరులోనే ఒక పొరపాటు ఉంది. పక్షం అంటే ఒక వైపు. పడిపోయింది చెయ్యీ కాలూ కనుక చూపంతా అటే పోయింది. అసలు దెబ్బ తలలో తగిలిందని శవపరీక్షలు చేసి గట్టిగా చూపించినవాడు స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్. 1658లో ఆయన రాసిందాని ప్రకారం కొందరి మెదడులో రక్తం చిమ్మింది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు మూసుకుపోయినా ఇదే జరగవచ్చు. ఈ రెండు ముక్కల్లోనే నేటి విభజనంతా ఉంది. ఎక్కువమందికి వచ్చేది గడ్డ అడ్డుపడి వచ్చే స్ట్రోక్. మిగతావాళ్లకు నాళం చిట్లి వస్తుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అదే మూతి వంకర, అదే మాట తడబాటు. కానీ మొదటిదానికి ఇచ్చే మందు రెండోదానికి ఇస్తే ప్రాణం తీస్తుంది.

అందుకే గడ్డ కరిగించే మందు ముందే దొరికినా దశాబ్దాల పాటు అక్కరకు రాలేదు. కొన్ని రకాల స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా రక్తపు గడ్డను కరిగిస్తాయని అమెరికాలో విలియం టిల్లెట్ 1933లోనే చూపించాడు. 1950ల చివర్లో అలాంటి మందుల్ని స్ట్రోక్ రోగులకు ఇచ్చి చూశారు. కొందరికి మెదడులో రక్తం చిమ్మింది. పుర్రె లోపల గడ్డ ఉందో, రక్తస్రావం ఉందో నమ్మకంగా చెప్పే సాధనం లేకుండా ఇచ్చిన మందు అది. చీకట్లో రాయి విసిరినట్టే. ఆ సాధనం లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో 1971 అక్టోబర్ 1న మొదటి రోగి మీద పనిచేసింది. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కానర్. స్ట్రోక్ మందుల చరిత్రలో మలుపు తిప్పింది ఒక మందు కాదు, ఈ యంత్రం.

స్కాన్‌తోనే సరిపోదు. కాపాడటానికి లోపల ఏమైనా మిగిలి ఉందా అన్నది తేలాలి. ఒకసారి రక్తం ఆగితే మెదడు ముక్క చచ్చినట్టేనని చాలాకాలం అనుకున్నారు. 1970ల చివర లండన్‌లో లిండ్సే సైమన్, యెన్స్ ఆస్ట్రప్ తదితరులు బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో వేరే సంగతి బయటపడింది. వంద గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందడం మామూలు. అది 20 దరిదాపులకు పడిపోతే కణాలు పని మానేస్తాయి కానీ చావవు. 10 కంటే దిగితే చావు మొదలవుతుంది. ఈ రెండు అంకెల మధ్య చిక్కుకున్న ప్రాంతానికి వాళ్లు 'పెనుంబ్రా' అని పేరుపెట్టారు. గ్రహణంలో చిక్కటి నీడ చుట్టూ ఉండే పలచటి నీడకు వాడే మాట అది. చెయ్యి కదలనంత మాత్రాన చెయ్యిని కదిపే కణాలన్నీ పోయాయని కాదన్నమాట. కొన్ని ఊపిరి బిగపట్టుకుని రక్తం కోసం ఎదురుచూస్తున్నాయి. గంటల లెక్కన మాత్రమే.

ఆ గంటల్ని పట్టుకున్న మందు టీపీఏ. మన రక్తనాళాల గోడలు గడ్డల్ని కరిగించడానికి సహజంగా తయారుచేసుకునే పదార్థమే ఇది. బెల్జియంలోని లూవెన్‌లో డెజిరే కొలెన్ బృందం దీన్ని మెలనోమా క్యాన్సర్ కణాల నుంచి శుద్ధి చేసింది. ఆ కణాలు దాన్ని విపరీతంగా స్రవిస్తాయి. అమెరికా కంపెనీ జెనెన్‌టెక్ జన్యువును పట్టుకుని 1980ల్లో మందుగా తయారుచేసింది. ముందు గుండెపోటుకు అనుమతి వచ్చింది, 1987లో. స్ట్రోక్‌కు ఇవ్వాలంటే అందరికీ భయమే. జస్టిన్ జివిన్ కుందేళ్ల మెదడులోకి చిన్న గడ్డలు పంపి, తర్వాత ఈ మందిచ్చి, అవి కోలుకుంటున్నాయని 1985లో చూపించాక ధైర్యం వచ్చింది.

1995 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎన్‌డీఎస్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 624 మంది రోగులు. అందరికీ మూడు గంటల్లోపే మందు పడాలి, సగం మందికి తొంభై నిమిషాల్లోపే. మూడు నెలలకు వైకల్యం లేకుండానో, నామమాత్రంగానో బయటపడే అవకాశం మందు తీసుకున్నవారిలో కనీసం 30 శాతం ఎక్కువగా కనిపించింది. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారినవారు మందు పక్కన 6.4 శాతం, ఉత్తుత్తి మందు పక్కన 0.6 శాతం. అయినా మొత్తం మరణాలు పెరగలేదు. మరుసటి ఏడాది అనుమతి వచ్చింది. దాదాపు అదే కాలంలో యూరప్‌లో, ఆస్ట్రేలియాలో ఆ స్ట్రెప్టోకాకస్ నుంచి తీసిన పాత మందు స్ట్రెప్టోకైనేస్‌తో చేసిన ట్రయల్స్‌ను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఉద్దేశం ఒకటే, మందూ మోతాదూ సమయమూ వేరు.

టీపీఏ ఇవ్వడాన్ని దగ్గర్నుంచి చూస్తే గాని ఆ టెన్షన్ అర్థం కాదు. సీసాలో పొడి ఉంటుంది. నీళ్లు కలిపి మెల్లగా తిప్పాలే తప్ప ఊపకూడదు, నురగ వస్తుంది. కిలోకు 0.9 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 54. అందులో పదో వంతు, అంటే 5.4 మిల్లీగ్రాములు, నిమిషంలో నరంలోకి. మిగతా 48.6 గంటసేపు పంపు మీద. ఆ గంటలో బీపీ పదేపదే చూస్తూ, ఉన్నట్టుండి తలనొప్పి అన్నా వాంతి అయినా మందు ఆపేసి మళ్లీ స్కాన్‌కు పరిగెత్తాలి. పెద్ద నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు. ఆ అంకె విన్నాక పంపు మీద నిమిషాలు వేరేగా కనిపిస్తాయి.

మూడు గంటల గడువు నాలుగున్నరకు పెరగడానికి పదమూడేళ్లు పట్టింది. 2008లో యూరప్‌లో 821 మందితో చేసిన ట్రయల్ దాన్ని సాధించింది. ఈలోగా గబ్బిలాల్నీ పాముల్నీ కూడా వదల్లేదు. రక్తం తాగే గబ్బిలం లాలాజలం ఆధారంగా డెస్మోటెప్లేజ్ తయారుచేశారు, మలయా ప్రాంతపు పిట్ వైపర్ అనే పాము విషం నుంచి యాన్‌క్రాడ్ తీశారు. రెండూ మొదట ఊరించి పెద్ద ట్రయల్స్‌లో చతికిలబడ్డాయి. నిలబడింది టీపీఏలోనే మూడు చోట్ల మార్పులు చేసిన టెనెక్టెప్లేజ్. పంపు అక్కర్లేదు, ఒక్క ఇంజెక్షన్. కెనడాలో సుమారు 1,600 మందితో చేసిన ట్రయల్ 2022లో అది పాతదానికి తీసిపోదని తేల్చింది. 2025లో అమెరికా అనుమతీ వచ్చింది.

గడ్డ సంగతి ఇలా ఉంటే, కణాల్నే కాపాడే మందు కోసం జరిగిన వెతుకులాట వేరే దారి పట్టింది. ఈ రంగంలో అందరికన్నా ఎక్కువ డబ్బు, ఎక్కువ ఆశ పోసింది ఇక్కడే. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే గ్లూటమేట్ అతిగా పొంగితే అదే విషమై కణాల్ని చంపుతుందని జాన్ ఓల్నీ 1969లో చెప్పాడు. రక్తం ఆగిన మెదడులో జరిగేది ఇదే. అయితే గ్లూటమేట్‌కు అడ్డం పడితే సరి అనుకున్నారు. 1990లంతా సెల్ఫోటెల్, ఆప్టిగానెల్, గావెస్టినెల్ అంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎలుకల్లో అద్భుతం, మనుషుల్లో శూన్యం. కొన్నిటితో రోగులకు భ్రమలు కూడా కలిగాయి.

2006లో మెల్‌బోర్న్‌లోని విక్టోరియా ఓకాలిన్స్ బృందం కూర్చుని లెక్కవేసింది. స్ట్రోక్ కోసం ప్రయోగాల్లో పరీక్షించిన మందులు, పద్ధతులు మొత్తం 1,026. అందులో మనుషుల దాకా వెళ్లినవి 114. వెళ్లినవి మిగతావాటికన్నా జంతువుల్లో బాగా పనిచేసినవీ కావు! అదే ఏడాది ఎన్ఎక్స్‌వై-059 అనే మందు 1,722 మందిలో కాస్త మేలు చేసిందని వార్త వచ్చింది. మరుసటి ఏడాది 3,306 మందితో చూస్తే ఏమీ లేదు. చాలా మందుల కంపెనీలు ఆ దెబ్బతో ఈ వైపు రావడమే మానేశాయి.

ఎలుకల తప్పేమీ లేదు. అడిగిన ప్రశ్నే తప్పు. ప్రయోగశాల ఎలుక వయసులో ఉంటుంది, బీపీ షుగర్ ఉండవు. నాళాన్ని ఎప్పుడు మూయాలో శాస్త్రవేత్తకు తెలుసు కాబట్టి మందు కొన్నిసార్లు ముందే ఇచ్చేవారు, లేదా కొద్ది నిమిషాల్లో. తర్వాత నాళాన్ని మూసిన దారం లాగేసి దాన్ని తెరిచేవారు. మనిషికి జరిగేది వేరు. డెబ్బై ఏళ్ల మనిషి, ఆరు గంటల తర్వాత, గడ్డ ఇంకా అడ్డంగానే ఉంటుంది. కాపాడాల్సిన చోటికి మందు వెళ్లే దారే లేదు. ఎవరికి ఏ మందు పడిందో తెలిసినవాళ్లే ఫలితం కొలిచిన ప్రయోగాలు కూడా తక్కువేం కాదు. సమయమే లోపమేమో చూద్దామని అమెరికాలో అంబులెన్స్‌లోనే, కణాల్ని కాపాడుతుందనుకున్న మెగ్నీషియం ఎక్కించారు. 1,700 మంది, సగం మందికి 45 నిమిషాల్లోపే. 2015లో ఫలితం వచ్చింది. తేడా లేదు.

అదే 2015లో తొడ దగ్గర నుంచి గొట్టం పంపి గడ్డను లాగేసే పద్ధతి వరుస ట్రయల్స్‌లో గెలిచింది. ఇప్పుడు మనిషి కూడా ప్రయోగశాల ఎలుకలాగే నాళం తెరుచుకున్న రోగి అయ్యాడు. అందుకే మూలపడేసిన మందుల ఆలోచన మళ్లీ లేచింది. నెరినెటైడ్ అనే మందును ఇలాంటి 1,105 మందికి ఇచ్చి చూశారు. 2020లో తెలిసిందేమిటంటే, మొత్తం మీద లాభం లేదు, కానీ టీపీఏ తీసుకోనివారిలో ఉన్నట్టుంది. గడ్డను కరిగించే ఎంజైమే ఈ మందునూ ముక్కలు చేస్తోందన్నారు. వివరణ ముచ్చటగానే ఉంది. టీపీఏ లేనివాళ్లతోనే ఇంకో ట్రయల్ చేశారు. అందులోనూ లాభం తేలలేదు.

ఇక మొదటి ప్రశ్న, చెయ్యి సంగతి. గంటలు దాటిపోయాయి, పోయిన కణాలు పోయాయి. మిగిలిన మెదడు కొత్త దారులు వేసుకోవాలి. ఆ పనిని తొందరపెట్టే మందు ఉందా అన్న ఆశకు పునాది 1982లో పడింది. న్యూ మెక్సికోలో డెనిస్ ఫీనీ, సహచరులు ఎలుకల మెదడులో కదలికల భాగాన్ని దెబ్బతీసి, సన్నటి దూలం మీద నడిపించారు. దెబ్బతగిలిన మర్నాడు ఒక్క మోతాదు ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందు ఇస్తే ఎలుకలు త్వరగా తేరుకున్నాయి. మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ ఇస్తే ఆలస్యమైంది. మూడో సంగతి నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. ఆంఫెటమిన్ ఇచ్చి, అది పనిచేసే గంటల్లో ఎలుకను కదలకుండా కట్టిపడేస్తే మందుకు ఫలితమే లేదు. దూలం మీద నడిచిన ఎలుకకే మందు పనిచేసింది.

1988లో ఎనిమిది మంది రోగులకు ఆంఫెటమిన్ ఇచ్చి, వెంటనే ఫిజియోథెరపీ చేయించి చూస్తే బాగుందనిపించింది. తర్వాతి ట్రయల్స్ దాన్ని నిలబెట్టలేదు. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపాదీ ఇదే దారి. 2001లో జర్మనీలో 53 మందితో ఆశ, 2019లో బ్రిటన్‌లో 593 మందితో నిరాశ.

అందరూ నిజంగా నమ్మింది ఫ్లూక్సెటిన్‌ని. దిగులు తగ్గించే పాత మాత్ర, చవక. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా షొలే బృందం 118 మందికి ఫిజియోథెరపీతో పాటు మూడు నెలలు ఇచ్చింది. చేతికాళ్ల కదలికను వంద మార్కులకు కొలిస్తే, మందు తీసుకున్నవారు 34 మార్కులు పుంజుకున్నారు, తీసుకోనివారు 24. ఆ 2011 నాటి వార్తతో దిగులు లేని రోగులకు కూడా ఈ మాత్ర రాయడం మొదలైంది. దాన్ని తేల్చడానికి బ్రిటన్‌లో 3,127 మందితో, స్వీడన్‌లో 1,500 మందితో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాంలలో కలిపి 1,280 మందితో మూడు ట్రయల్స్ నడిపారు. ఆరు నెలల తర్వాత రోజువారీ పనుల్లో ఎక్కడా తేడా లేదు. దిగులు కొంత తగ్గింది. ఎముకలు విరగడం పెరిగింది. బ్రిటన్ ట్రయల్‌లో 1.5 శాతం నుంచి 2.9కి. కాలు తూలే మనిషికి అది చిన్న సంగతి కాదు.

"నరాల బలం" మాత్రగా ఎక్కువగా రాసే సిటికోలిన్‌ది కూడా ఇలాంటి చరిత్రే. స్పెయిన్, పోర్చుగల్, జర్మనీల్లో 2,298 మందితో చేసిన పెద్ద ట్రయల్ 2012లో వచ్చింది. ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా దొరకలేదు. హాని కూడా పెద్దగా లేదు. బహుశా అందుకే చీటీలో ఇంకా నిలిచింది. హాని లేదు కదా అని రాయడం తేలిక, ఏమీ లేదని చెప్పడం కష్టం. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ మరీ కష్టం. కానీ ఆ మాత్ర ఉందిలే అన్న ధీమాతో ఒక పూట వ్యాయామం మానేస్తే మాత్రం హాని ఉన్నట్టే.

ఇప్పుడు చూపు సీసీఆర్5 అనే ప్రోటీన్ మీద ఉంది. హెచ్ఐవీ మన కణాల్లోకి దూరే తలుపుల్లో ఇదొకటి. స్ట్రోక్ తర్వాత నాడీకణాల్లో ఇది పెరిగి కొత్త అతుకుల్ని అడ్డుకుంటోందని, దాన్ని మూసేస్తే ఎలుకలు బాగా కోలుకుంటున్నాయని 2019లో లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు చూపించారు. ఈసారి ఎలుకలతోనే ఆగలేదు. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ సరిగా లేనివారు కొందరుంటారు. టెల్ అవీవ్‌లో స్ట్రోక్ వచ్చినవారి రికార్డులు తిరగేస్తే, అలాంటివారు మిగతావాళ్లకన్నా మెరుగ్గా తేరుకున్నారు. ఆ తలుపును మూసే మారావిరోక్ హెచ్ఐవీకి ఎప్పటినుంచో వాడుతున్న మాత్రే. దాన్ని స్ట్రోక్ రోగుల్లో పరీక్షించడానికి కెనడాలో ట్రయల్ మొదలుపెట్టారు. మాత్ర ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, దానికి వ్యాయామాన్ని జతచేశారు.